తలుపు అక్కర్లేని గాలి

జూన్ 4

అత్తా,

నేను క్షేమం. ముప్ఫై ఏళ్ళు పంక్చర్ షాపులో కంప్రెసర్ పక్కన నిలబడి నువ్వు చెవులు పాడుచేసుకున్నావు. ఫోన్లో నేను ఎంత అరిచినా హాస్టల్ మొత్తానికి వినిపిస్తుంది గానీ నీకు వినిపించదు. అందుకే ఈ ఉత్తరం. నా చేత దస్తూరి దిద్దించినదానివి నువ్వే కాబట్టి అక్షరాలు బాగోలేవని మాత్రం అనకు.

కొత్త ల్యాబ్‌లో చేరి నెలైంది. మూడో అంతస్తులో చివరి గది, కిటికీ లేదు. నా బల్ల మీద బరువైన రాతి పలక, దాని మీద ఇనప పెట్టె, ఆ పెట్టెలో రెండు చిన్న గిన్నెలు. గిన్నెల మధ్య ప్లాస్టిక్ గోడ, గోడలో గుండుసూది మొనంత రంధ్రం. ఆ రంధ్రం మీద సన్నటి కుంచెతో కరిగిన కొవ్వు పూయాలి. అదే నా ఉద్యోగం. పూయగానే సబ్బు బుడగ మీద కనిపించే రంగులన్నీ కనిపిస్తాయి. కాసేపటికి రంగులు పోయి నల్లబడుతుంది. నల్లబడిందంటే పొర సరిగ్గా కుదిరిందన్నమాట. అప్పుడు దాని మందం రెండే రెండు వరసల అణువులు. నేను తుమ్మితే చిరిగిపోతుంది, మళ్ళీ పూయాలి.

మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉండేది ఇలాంటి కొవ్వు పొరే. ఉప్పు దీన్ని దాటలేదు. చక్కెరా దాటలేదు. వాటికోసం కణం ప్రత్యేకంగా తలుపులు కట్టుకుంటుంది, కాపలా పెట్టుకుంటుంది. ఇక నేను చూస్తున్న వాయువు సంగతి విను. దాని పేరు నైట్రిక్ ఆక్సైడ్. ఒక నైట్రోజను, ఒక ఆక్సిజను, అంతే దాని ఆస్తి. ఇంత చిన్నది, కరెంటు మోసేది కాదు, పైగా నీళ్ళలో కన్నా కొవ్వులోనే సుఖంగా ఉంటుంది. ఒక గిన్నెలో దాన్ని వదిలి రెండో గిన్నెలో కొలిస్తే, మధ్యలో పొర ఉన్నా లేకపోయినా లెక్క ఒకటే వస్తోంది. "ఎవరైనా వచ్చారా అని పొరని అడిగితే, ఎవరూ రాలేదే అంటుంది" అన్నారు మా మేడమ్. అరవై ఏళ్ళు దాటినా ఆవిడ రోజూ ఒక పొర తన చేత్తో పూస్తారు. ఆ చెయ్యి వణకదు. చూస్తూ నిలబడిపోతాను.

ఇంతకీ ఈ వాయువు ఏం చేస్తుందంటే, రక్తనాళం లోపలి వరస కణాల్లో పుట్టి, పక్కనున్న కండర కణంలోకి దూరి, "కాస్త వదులవ్వు" అని చెబుతుంది. కండరం సడలుతుంది, నాళం వెడల్పవుతుంది, రక్తం హాయిగా పారుతుంది. తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళి మంచిమాట చెప్పి వచ్చేది లోకంలో ఇదొక్కటే అనుకుంటా.

నీ ఆరోగ్యం గురించి రెండు ముక్కలు రాయి. "బాగానే ఉన్నా" అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోను.

నీ మేనకోడలు


జూన్ 15

ఒసే గుండుసూదీ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగేళ్ళప్పుడు నా కొత్త ట్యూబులో గుండుసూది గుచ్చి, గాలి ఎలా వస్తుందో చూస్తున్నానన్నావు. వీపు మీద ఒక్కటి వేశాను. అందుకే కదా నీకా పేరు పడింది. ఇప్పుడు అదే పనికి పిలిచి జీతం ఇస్తున్నారంటే ఆ వేసిన దెబ్బ వెనక్కి తీసుకోవాల్సిందే.

అయితే నువ్వు కనిపెట్టింది నాకు కొత్త కాదు. పంక్చర్ లేని ట్యూబులో కూడా గాలి దిగుతుందని నేను ముప్ఫై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. నీళ్ళ తొట్టిలో ముంచి చూస్తే ఒక్క బుడగ రాదు. అయినా నెల తిరిగేసరికి టైరు మెత్తబడుతుంది. రబ్బరులోంచే గాలి వెళ్ళిపోతుందంటే కస్టమర్లు నవ్వి, నేను ప్యాచ్ సరిగా వేయలేదంటారు. మీ మేడమ్‌ని ఒకసారి మా షాపుకి తీసుకురా. ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటాం.

ఆరోగ్యం రాయమన్నావు కాబట్టి రాస్తున్నా. రెండు నెలలుగా బరువు ఎత్తినప్పుడు ఛాతీ మీద జాకీ పెట్టి బిగించినట్టు ఉంటోంది. ఎడమ చెయ్యి లాగుతోంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. గుండెకి రక్తం చాలట్లేదంది. చిన్న గాజు సీసాలో బిళ్ళలిచ్చి, నొప్పి రాగానే కూర్చుని ఒకటి నాలుక కింద పెట్టుకోమంది. పెట్టుకుంటే నిమిషంలో నొప్పి పోతోంది గానీ తల పగిలిపోతోంది. పైగా పని మధ్యలో కూర్చుని నోరు మూసుకుంటే, "ఏమైంది, ఏమైంది" అని నలుగురు మూగుతారు. స్కూలు బస్సుల మేనేజర్ చెవిన పడిందంటే, రోగిష్టిది బస్సు టైరు ఏం విప్పుతుందని పన్నెండు బస్సుల పనీ వేరే షాపుకి ఇచ్చేస్తాడు. ఎదురు సెలూన్ ఆయనకైతే అసలు తెలియకూడదు. నా కంప్రెసర్ మోతకి ఉలిక్కిపడి కస్టమర్ చెవి కోశాడట, ఆ తప్పు నాది అన్నాడు. ఆరేళ్ళుగా మాకు మాటల్లేవు. గుట్టు బయటపడితే అతనికి పండగే.

ఎవరికీ చెప్పకు. ఆ బిళ్ళకీ నీ వాయువుకీ ఏమైనా సంబంధం ఉందా? సీసా మీద పేరు చూసి రాస్తున్నా: నైట్రోగ్లిజరిన్. సగం పేరు కలిసింది.

మీ అత్త


జూన్ 27

అత్తా,

సంబంధమా! నీ ఉత్తరం పట్టుకుని మేడమ్ గదిలోకి పరిగెత్తాను. ఆ బిళ్ళ నాలుక కింద కరిగి రక్తంలో కలుస్తుంది, రక్తనాళాల గోడల్లో మారి మారి చివరికి నేను రోజూ కొలిచే ఆ వాయువే అవుతుంది. అంటే నా బల్ల మీద ఉన్నదీ నీ సీసాలో ఉన్నదీ ఒకే కుటుంబం. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

నీకు ఒంట్లో బాగోలేదన్న బెంగ నాకు ఉంది. కానీ ఆ బెంగకి కాపలాగా ఎవరున్నారో నాకు తెలుసు. ఇన్ని రోజులుగా చూస్తున్నాను, ఆ వాయువుకి గోడ గోడే కాదు. పొర మీద పొర వేసినా దాటేస్తుంది. చర్మం, కొవ్వు, కండ, ఏదీ అడ్డం రాదు. గుండె దాకా వెళ్ళడానికి ఎవరినీ దారి అడగదు. నువ్వు ధైర్యంగా ఉండు.

రబ్బరు గురించి నువ్వు చెప్పిన మాట మేడమ్‌కి చదివి వినిపించాను. "మీ అత్తయ్య చెప్పింది అక్షరాలా నిజం, మన గొట్టాలు ఒకసారి చూడు" అన్నారు. చూశాను. మేం వాడే రబ్బరు గొట్టంలోంచి కూడా వాయువు నెమ్మదిగా బయటికి పోతోంది. ఉక్కు గొట్టం వేశాం. ఇప్పుడు లెక్కలు ఇంకా బాగా కుదురుతున్నాయి. నీకు మేడమ్ నమస్కారాలు చెప్పమన్నారు.

ఆదివారాలు కూడా ల్యాబ్‌లోనే ఉంటున్నాను. పని అంత బాగుంది.

నీ గుండుసూది


జూలై 9

గుండుసూదీ,

మీ మేడమ్ నాకు నమస్కారం చెప్పిందా! ఆ ముక్క ఉన్న కాగితాన్ని గల్లాపెట్టె మూతకి లోపలివైపు అంటించాను.

నీ ఉత్తరం చదివాక నాకు కొండంత ధైర్యం వచ్చింది. నువ్వు చెప్పిన ప్రకారమే ఏర్పాటు చేసుకున్నాను. ఇప్పుడు మందు నోట్లో పెట్టుకోవడం లేదు. ఛాతీ మీద, సరిగ్గా గుండె ఉన్న చోట అతికించుకుంటున్నాను. పైన జాకెట్టు, దాని మీద పని చొక్కా. ఎవరికీ కనిపించదు, ఎవరూ అడగరు. తలనొప్పి చిటికెలో మాయమైంది. వారం నుంచి నొప్పి కూడా పెద్దగా లేదు. చదువుకున్న పిల్ల ఇంట్లో ఉంటే ఇదే సుఖం.

నిన్న బస్సుల మేనేజర్ వచ్చి ఇంకో నాలుగు బస్సులు పంపిస్తానన్నాడు. "ఈ వయసులో మీ ఓపికకి దణ్ణం పెట్టాలి" అన్నాడు. నేను టైరు దొర్లిస్తూ నవ్వాను.

మీ అత్త


జూలై 20

అత్తా,

చాలా సంతోషం. ఛాతీ మీద అతికించుకునే మందు కూడా ఉంటుందని మేడమ్ చెప్పారు. మందుల షాపులో దొరికే ఆ పట్టీని చర్మం మీద అంటిస్తే, మందు కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగుతూ ఉంటుందట. డాక్టరమ్మ నీకు అది రాసిచ్చారన్నమాట. మంచి డాక్టరు దొరికింది. అయితే రోజూ ఒకే చోట కాకుండా చోటు మార్చి అంటించుకోవాలట. ఆవిడ ఎలా చెబితే అలా చెయ్యి.

ఇక్కడ నా లెక్కలు పూర్తికావచ్చాయి. వచ్చే నెల అందరి ముందు నిలబడి చెప్పాలి. వెయ్యిసార్లు కొలిచినా ఆ వాయువు నన్ను ఆశ్చర్యపరుస్తూనే ఉంది. అంత చిన్నది అంత పెద్ద గుండెని ఊరడించడం ఏమిటి?

నీ మేనకోడలు


ఆగస్టు 2

గుండుసూదీ,

డాక్టరమ్మ రాసివ్వడం ఏమిటే? ఆవిడ దగ్గరికి నేను మళ్ళీ వెళ్ళనే లేదు. ఇది నా సొంత బుర్ర. నువ్వు సిద్ధాంతం చెప్పావు, నేను పని చేశాను.

ఎలాగో రాస్తున్నాను, మీ మేడమ్‌కి చూపించు. పాత స్కూటరు ట్యూబులోంచి రూపాయి బిళ్ళంత ముక్క కోసి, ఆకురాయితో అంచులు గీకి నున్నగా చేశాను. మధ్యలో నాలుక కింద పెట్టుకునే బిళ్ళ ఒకటి పెట్టి, గుండె మీద బోర్లించి, చుట్టూ దెబ్బలకి వేసే ప్లాస్టర్ వేశాను. ట్యూబులకి ప్యాచ్ అతికించే సొల్యూషన్ రాద్దామనుకున్నా గానీ మంటపుడుతుందని మానేశాను. గోడలు దాటేదానికి చర్మం ఓ లెక్కా? సీసా అస్తమానం తెరిచే పని లేకుండా ముప్ఫై ముక్కలు ఒకేసారి చేసి, బిళ్ళలు పెట్టి, ప్లాస్టిక్ డబ్బాలో సర్దుకున్నాను. ముప్ఫై ఏళ్ళలో నేను వేసిన ప్యాచ్ ఒక్కటి కూడా ఊడలేదు, ఇదీ ఊడదు.

ఒక్క సంగతి మాత్రం అడగాలి. మొన్న బస్సు వెనక టైరు విప్పుతుంటే నొప్పి వచ్చింది. మామూలుగా కాదు. చెమటలు పోశాయి, దవడ దాకా పాకింది. టైరుకి ఆనుకుని కూర్చుండిపోయాను. ఇరవై నిమిషాలు వదల్లేదు. ప్యాచ్ మీద చెయ్యి పెట్టి నొక్కుతూ కూర్చున్నా. డబ్బాలోంచి ఒకటి తీసి నాలుక కింద కూడా పెట్టుకున్నా, ఎప్పటిలా చురుక్కుమనలేదు, సుద్దముక్కలా ఉంది. ఆ రోజు నుంచి ఒక్కో ముక్కలో రెండేసి బిళ్ళలు పెడుతున్నాను. చాలంటావా, మూడు పెట్టాలా?

మీ అత్త


ఆగస్టు 6

అత్తా,

ఒక్క బిళ్ళ కూడా పెట్టొద్దు. ఆ రబ్బరు ముక్కలన్నీ ఈ క్షణమే పారెయ్. ఈ ఉత్తరం కొరియర్‌లో పంపిస్తున్నాను. ఇది చేరేలోపు నీకేమైనా అవుతుందేమోనని మీ డాక్టరమ్మ క్లినిక్‌కి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. నర్సు కొత్త సీసా పట్టుకుని వస్తుంది. నన్ను తిట్టుకో, నర్సుని మాత్రం తిట్టకు.

తప్పు నాది. నాకు నచ్చిన సగం రాసి, నీకు కావలసిన సగం రాయలేదు. ఆ సగం ఇదిగో, నిదానంగా చదువు.

ఆ వాయువు గోడలు దాటుతుంది, నిజమే. కానీ దాని ఆయుష్షు కొన్ని క్షణాలే. రక్తంలో పడితే ఎర్ర కణాలు అంతకన్నా ముందే మింగేస్తాయి. అది దూరం వెళ్ళలేదు, దాచిపెట్టుకోవడానికి లేదు. అవసరమైన చోట, ఆ పక్క కణంలోనే అప్పటికప్పుడు పుట్టాలి. నీ బిళ్ళలో ఉన్నది ఆ వాయువు కాదు, వాయువుగా మారే మందు. నోటి తడిలో కరిగితేనే అది రక్తంలోకి వెళుతుంది. పొడి చర్మం మీద బిళ్ళ బిళ్ళగానే ఉండిపోతుంది. షాపులో అమ్మేది వేరు, చర్మంలోకి ఇంకేలా దాన్ని ప్రత్యేకంగా తయారుచేస్తారు. ఇంకో ఘోరం ఏమిటంటే, ఆ మందు గాలికి ఆవిరైపోతుంది, రబ్బరులోకీ ప్లాస్టిక్‌లోకీ ఇంకిపోతుంది. గాజు సీసాలో ఇచ్చింది అందుకే. నువ్వు డబ్బాలో పెట్టిన బిళ్ళల్లో ఇప్పుడు నిజంగానే సుద్దముక్కే మిగిలుంటుంది. రబ్బరు సంగతి నాకు నేర్పిందే నువ్వు. నా గొట్టాలు మార్చుకున్నాను గానీ నీ సంగతి ఆలోచించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను.

ఇక మీద నొప్పి వస్తే పని వదిలేసి కూర్చో. సీసాలోంచి ఒకటి తీసి నాలుక కింద పెట్టుకో. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి, బస్సు ఆగినా సరే, మేనేజర్ అరిచినా సరే. ఇది డాక్టరమ్మ మాట. నా మాట ఇంకొకటి ఉంది. నీకు దగ్గరలో ఉన్న ఒక్క మనిషికైనా సీసా ఎక్కడుందో చెప్పు. నేను ఇక్కడి నుంచి బయలుదేరితే మర్నాటికి గానీ చేరను. నీకు కావలసింది నిమిషంలో వచ్చేవాళ్ళు. ఎదురు సెలూన్ ఆయనకే చెప్పు.

నాకు చాలా భయంగా ఉంది అత్తా.

గుండుసూది


ఆగస్టు 10

అమ్మా చదువులతల్లీ,

నర్సు వచ్చింది. తెల్ల బట్టల్లో, చేతిలో సంచీతో, అందరూ చూస్తుండగా షాపు మధ్యలో నిలబడి, చెవిటిదాన్ని కదా అని గొంతు చించుకుని అరిచింది: "గుండెనొప్పికి బిళ్ళ నోట్లో పెట్టుకోవాలమ్మా, గుండె మీద కాదు!" వీధి వీధంతా వింది. బస్సు డ్రైవరు వినేశాడు. మేనేజర్ ఈపాటికి విని ఉంటాడు. నువ్వు నా గుండె కాపాడబోయి నా షాపు కూల్చావు.

ముక్కలన్నీ పారేశాను. సీసా చొక్కా జేబులోనే పెట్టుకున్నాను. నేను మొండిదాన్నే గానీ పిచ్చిదాన్ని కాను. కానీ ఆ మంగలాయన గడప తొక్కమనకు. అది నా వల్ల కాదు.

మీ అత్త


ఆగస్టు 23

గుండుసూదీ,

కోపంగా రాసిన ఉత్తరం పోస్టులో వేసొచ్చాక నీ ఉత్తరం మళ్ళీ చదివాను. "భయంగా ఉంది" అన్న చోట సిరా చెదిరింది. రెండు రోజులు ఆ మచ్చనే చూశాను. మూడో రోజు లేచి రోడ్డు దాటాను.

అతను ఎవరికో గడ్డం గీస్తున్నాడు. నన్ను చూసి కత్తి పట్టుకున్న చెయ్యి అలాగే ఆపేశాడు. నేను ఖాళీ కుర్చీలో కూర్చుని, జేబులోని సీసా చూపించి, సంగతంతా చెప్పాను. అతను ఏదో అన్నాడు. వినపడలేదన్నాను. అరిస్తే వీధికి వినపడుతుందని, నురగలో వేలు ముంచి అద్దం మీద రాశాడు: "నొప్పి వస్తే పిలువు." పిలవలేనంత వస్తేనో అన్నాను. తుడిచేసి మళ్ళీ రాశాడు: "టైరు విప్పే లీవరుతో రిమ్ము మీద మూడు దెబ్బలు." ఆరేళ్ళు నేను చేసే ప్రతి చప్పుడునీ తిట్టిన మనిషి, తనకోసం ఒక చప్పుడు చేయమన్నాడు. సీసా జేబులో వేసుకుని రోడ్డు దాటి వచ్చేశాను.

నాలుగు రోజులకే అవసరం పడింది. ఉదయం పదిన్నరకి, కంప్రెసర్ నడుస్తుండగా వచ్చింది. సీసా తీశాను గానీ వేళ్ళు మూత తిప్పలేకపోయాయి. లీవరు అందుకుని కొట్టాను. మూడు కొట్టానో రెండే కొట్టానో తెలియదు. సగం గీసిన గడ్డంతో ఒకడూ, కత్తి నోట్లో కరుచుకుని ఇతనూ వచ్చేశారు. నన్ను కూర్చోబెట్టి, మూత తీసి, సబ్బు వాసన వేసే వేళ్ళతో బిళ్ళ నాలుక కింద పెట్టాడు. చురుక్కుమంది. గడియారం చూస్తూ కూర్చున్నాడు. ఐదు నిమిషాలకీ తగ్గకపోతే, గాలి కోసం ఆగిన స్కూలు బస్సులోనే ఎక్కించి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. నడిపింది ఆ డ్రైవరే.

ఇది ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. నాళంలో చిన్న గొట్టం వేశారు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే కష్టమయ్యేదట. భయపడకు, ఎల్లుండి ఇంటికి పంపిస్తున్నారు. మేనేజర్ వచ్చి చూసి వెళ్ళాడు. బస్సులు వేరే షాపుకి పంపడట, టైర్లు విప్పడానికి ఒక మనిషిని తనే పంపిస్తాడట, ప్యాచ్ మాత్రం నేనే వేయాలట. ఇన్నాళ్ళూ గుట్టు అనుకుని మోసింది ఉత్త బరువే.

నీ పొర మీద నాకు కోపం లేదు. నువ్వు చెప్పకపోతే నేను రోడ్డు దాటేదాన్ని కాదు. అంత చిన్న వాయువుని చూసి నువ్వెందుకు మురిసిపోతున్నావో నాకిప్పుడు బాగా తెలిసింది. అది నా ఒంట్లో పని చేస్తుంటే నేను చూశాను. అందరి ముందూ నిలబడి చెప్పేటప్పుడు వణక్కుండా చెప్పు.

ఇప్పుడు నా మాట విను. ఇక్కడ పడుకుని చేసే పనేమీ లేక నీ ఉత్తరాలన్నీ ఇంటి నుంచి తెప్పించుకుని వరసగా చదివాను. వాటిలో వాయువుంది, పొర ఉంది, కుంచె ఉంది, అరవై ఏళ్ళు దాటిన మేడమ్ ఉంది. నీ ఈడు మనిషి ఒక్కరు లేరు. పక్క బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారో రాయలేదు. హాస్టల్లో పక్క గదిలో ఎవరుంటారో రాయలేదు. ఆదివారాలు కూడా ఆ కిటికీ లేని గదిలోనే ఉన్నానని రాశావు. నేనది చదివి, పని బాగుంది కాబోలు అనుకున్నాను. నాకు బుద్ధి లేదు.

నీకు జ్వరమొస్తే నిమిషంలో వచ్చేదెవరే? జవాబులో ముందు అది రాయి. లేరంటావా, ఈ కాగితం మడిచి పక్కన పెట్టి, లేచి వెళ్ళి ఆ పక్క గది తలుపు తట్టు.

మీ అత్త